కిటికీ మీది దుమ్ము, కంటికి ఆనని దుమ్ము

విశాఖపట్టణంలో పాతపోస్టాఫీసు దరిని కాపురముంటున్న ఒక పెద్దావిడ ఆ మధ్య నన్నొక ప్రశ్న అడిగారు. "బాబూ, వేసవిలో రోజుకు రెండుసార్లు తుడిచినా మా రేడియో పెట్టెమీది గుడ్డ నల్లబడుతుంది. అదంతా రేవు దుమ్మేనంటాడు మా అబ్బాయి. ఎక్కడో రాజస్థానపు ఎడారి దుమ్ము గాలిలో కొట్టుకొని వస్తున్నదని పత్రికలో చదివానంటాడు మా అల్లుడు. చలికాలం వచ్చేసరికి గుడ్డ ఇంచుమించు తెల్లగానే ఉంటుంది. ఎవరి మాట నమ్మమంటావు?"

ఇద్దరి మాటలోనూ నిజమున్నది. అయితే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆవిడ చివర అన్న మాట. చలికాలంలో గుడ్డ తెల్లగా ఉండడం వాస్తవమే. కాని విశాఖ గాలి సంవత్సరం మొత్తంమీద అన్నిటికంటె చెడి ఉండేది సరిగా ఆ నెలలలోనే. గుడ్డ చెప్పే సాక్ష్యానికీ, గాలిని వడగట్టి తూచే యంత్రం చెప్పే సాక్ష్యానికీ ఇంత భేదం ఎందుకు రావాలి? ఈ చిక్కు విప్పగలిగితే రేవు సంగతీ, ఎడారి సంగతీ కూడ వాటంతట అవే తేలుతాయి.

ముందు దుమ్ము పరిమాణం చూద్దాము. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. గాలిలో తేలే రేణువులలో 10 మైక్రానులకు లోబడినవాటిని ఒక తరగతిగాను, రెండున్నర మైక్రానులకు లోబడినవాటిని మరొక తరగతిగాను శాస్త్రజ్ఞులు కొలుస్తారు. ఈ విభజన ఊరికే చేసినది కాదు. రేణువు పరిమాణం పదవ వంతుకు తగ్గితే అది నేలకు దిగే వేగం నూరవ వంతుకు పడిపోతుంది. 10 మైక్రానుల మట్టి రేణువు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 8 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. ఐదారు నిమిషాలలో మన గది కప్పునుండి నేలను చేరుతుంది. ఒక మైక్రాను రేణువుకు అదే ప్రయాణానికి పది గంటల వరకు పట్టవచ్చును. ఆ లోపల ఏ చిన్న గాలి తెర వచ్చినా అది మళ్ళీ పైకి లేస్తుంది. అంటే మన గుడ్డమీద పడేవన్నీ బరువైన రేణువులే. సన్ననివి గుడ్డమీదికి దిగవు. గాలిలోనే నిలిచి ఉండి మన ఊపిరితో లోపలికి పోతాయి. బరువైనవాటిని ముక్కు, గొంతు చాలావరకు అడ్డగిస్తాయి. రెండున్నర మైక్రానులకు లోబడినవి ఊపిరితిత్తుల చివరి గదులదాకా చేరుతాయి. వాటిలోను అతి సూక్ష్మమైనవి రక్తంలో కూడ కలుస్తాయి. ఉబ్బసానికే కాదు, గుండెపోటుకు, పక్షవాతానికి కూడ వీటికి సంబంధం ఉన్నదని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగం 2013లో ఈ రేణువులను కేన్సరు కారకాల పట్టికలో చేర్చింది.

ఇక రేవు సంగతి. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసేచోట ఉన్న ఉప్పుటేటి బురదనేలను తవ్వి దానిని నిర్మించారు. ఆ చోటును ఎన్నుకోవడానికి ఒక ముఖ్య కారణం యారాడ కొండ. సముద్రంలోనికి ముక్కులాగ పొడుచుకొని వచ్చి, నైరుతి కెరటాలనుండి ఓడలను కాపాడే ఆ కొండకొమ్మునే డాల్ఫిన్స్ నోస్ అంటున్నాము. ఈశాన్యాన కైలాసగిరి, వాయవ్యాన సింహాచలం కొండలు, కంబాలకొండ, పడమట నరవ కొండలు. ఊరి నడిమి భాగమంతా ఒక మూకుడులాగ వీటి మధ్య అమరి ఉన్నది. ఏ కొండలు ఓడలకు ఆశ్రయమిచ్చినవో అవే పొగకూ ఆశ్రయమిచ్చాయి. 1933లో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పట్టవలసిన అవసరమూ కనిపించలేదు. తరువాత 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, 1967లో ఎరువుల కర్మాగారం వచ్చింది, బైలదిల్లా కొండలనుండి ఇనుప ఖనిజాన్ని మోసుకొని వచ్చే కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం వచ్చింది. 1976లో వెలుపలి రేవు తెరిచారు. 32 మంది ప్రాణాలు బలిగొన్న 1966 నాటి ఆందోళన ఫలంగా సిద్ధించిన ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. 2009లో ఆ కర్మాగారం పక్కనే గంగవరం రేవు మొదలైంది. ఇవి లేని విశాఖను ఊహించలేము. ఇవాళ ఈ ఊరిలో అన్నం తింటున్న కుటుంబాలలో ఎన్నిటికో మూలం ఇవే.

బొగ్గు నల్లని దుమ్ము, ఇనుప ఖనిజం ఎర్రని దుమ్ము, అల్యూమినా తెల్లని దుమ్ము, గంధకం పచ్చని దుమ్ము. ఇవి ఓడలోనికి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు, గుట్టలుగా పోసినప్పుడు, లారీలలో తరలించేటప్పుడు రేగుతాయి. మార్చి మొదలుకొని సెప్టెంబరు వరకు మన తీరాన ప్రధానంగా వీచేది నైరుతి గాలి. పాతపట్టణానికి లోపలి రేవు పడమర, నైరుతి దిక్కులలో ఉన్నది. అందుచేత ఆ నెలలలో రేవుమీదుగా వచ్చే గాలి నేరుగా కోటవీధి, పాతపోస్టాఫీసు ఇండ్లలోనికి వస్తుంది. వర్షాలు పడేదాకా గుట్టలు పొడిగా ఉంటాయి. గాలి కూడ బలంగా ఉంటుంది. ఇక రేడియో గుడ్డ నల్లబడక ఏమౌతుంది? ఆ పెద్దావిడ కుమారుని మాట ఇంతవరకు సరియైనదే. గుట్టలపై నీళ్ళు చల్లడం, టార్పాలిన్లు కప్పడం, చుట్టూ చెట్లు పెంచడం, కప్పుగల గోదాములు కట్టడం ఈ దుమ్ముకు తెలిసిన మందులు. చేసినచోట ఫలితం కనబడుతున్నది. ఈ రకం దుమ్ముకు ఒక సుగుణమున్నది: కంటికి కనబడుతుంది కాబట్టి జనం అడుగుతారు, అడిగితే ఏదో ఒకటి జరుగుతుంది.

అల్లుడుగారి ఎడారి దుమ్ము మాటేమిటి? విశాఖకు థారు ఎడారి సుమారు 1,400 కిలోమీటర్ల దూరం. అంత దూరం దుమ్ము రాగలదా అని సందేహించేవారు దీవుల కథ వినాలి. నడిసముద్రంలో ఉన్న చిన్న దీవికి తనదంటూ ఎడారి ఉండదు, పెద్ద కర్మాగారాలు ఉండవు. అక్కడి గాలిలో కనబడిన మట్టి ఎక్కడినుండో వచ్చినదే కావాలి. చార్లెస్ డార్విను 1832 జనవరిలో ఆఫ్రికాకు పడమట ఉన్న కేప్ వెర్డీ దీవులను చేరినప్పుడు గాలిలోనుండి సన్నని గోధుమరంగు దుమ్ము ఓడమీద పడడం గమనించి, దానిని సేకరించి భద్రపరిచాడు. అది సహారా వైపునుండి వచ్చిన దుమ్ము. అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న బార్బడోస్ దీవిలో 1965 నుండి జోసెఫ్ ప్రాస్పెరో అనే అమెరికా శాస్త్రజ్ఞుడు గాలిని వడగట్టి దుమ్మును తూచడం ఆరంభించాడు. ఆఫ్రికా తీరంనుండి ఆ దీవికి 4,000 కిలోమీటర్లకు పైమాటే. అయినా ఏటేటా వేసవిలో సహారా మట్టి అక్కడికి చేరుతూనే ఉన్నది. 2020 జూనులో వచ్చిన దుమ్ము మేఘం కరేబియను దీవుల ఆకాశాన్ని బూడిదరంగు చేసి అమెరికా దక్షిణ తీరాన్ని తాకింది.

ఈ రెండు దీవుల కథలో మనకు పనికివచ్చే కీలకం ఋతువులో ఉన్నది. కేప్ వెర్డీలో నేలమట్టాన దుమ్ము హెచ్చుగా ఉండేది చలికాలంలో, బార్బడోస్‌లో వేసవిలో. కారణమేమంటే, చలికాలంలో సహారా గాలి నేలను అంటిపెట్టుకొని తక్కువ ఎత్తున వస్తుంది, ఎదురుగా ఉన్న దీవులపై పడుతుంది. వేసవిలో ఎడారి కాగినప్పుడు దుమ్ము కిలోమీటర్ల ఎత్తుకు లేచి, దగ్గరి దీవుల నెత్తిమీదుగా దాటిపోయి దూరాన దిగుతుంది. కాబట్టి ఒకచోట ఆకాశంలో ఎంత దుమ్మున్నది అన్నది ఒక ప్రశ్న, మన ముక్కు ఎత్తున ఎంత ఉన్నది అన్నది వేరొక ప్రశ్న.

మన దేశంలోనూ ఇదే జరుగుతున్నది. ఏప్రిల్, మే నెలలలో థారు ఎడారి కాగి, ఉత్తరాదివారు ఆంధీ అనే దుమ్ము తుపానులు లేస్తాయి. అరేబియా ద్వీపకల్పంనుండి కూడ దుమ్ము వస్తుంది. పైయెత్తున వీచే పడమటి, వాయవ్యపు గాలులు దీనిని దేశం అడ్డంగా మోసుకొని వస్తాయి. 2006లో మార్చి నుండి మే వరకు ఇస్రో శాస్త్రజ్ఞులు 'సాగర కన్య' అనే పరిశోధన నౌకపైనుండి, విమానాలపైనుండి బంగాళాఖాతం మీద, అరేబియా సముద్రం మీద గాలిని కొలిచారు. నేలమట్టాన గాలి తేటగా ఉన్నచోట కూడ కొన్ని కిలోమీటర్ల ఎత్తున రేణువుల పొరలు దట్టంగా ఉన్నట్లు ఆ వేసవిలో తేలింది. రోహిణీకార్తెలో విశాఖ ఆకాశం మబ్బు లేకపోయినా నీలంగా కాక పాలిపోయిన తెలుపుగా కనబడేది మీరు చూసే ఉంటారు. అందులో సముద్రపు ఉప్పురేణువుల వాటా, చెమ్మ వాటా ఉన్నా, ఎడారి వాటా కూడ ఉన్నది. అయితే అది మన నెత్తిమీద ఉన్నది. రేడియో గుడ్డమీద దాని భాగం స్వల్పం. మృగశిర ప్రవేశించి మొదటి జల్లు పడినప్పుడు కారు అద్దాలమీద, అరటి ఆకులమీద మట్టిచుక్కలు నిలుస్తాయే, అప్పుడు కొంత చేతికి దొరుకుతుంది. అరేబియా సముద్రం మీద దుమ్ము హెచ్చేది జూన్, జూలై నెలలలో. కాని అప్పటికి వానలు మొదలై, మన వైపు వచ్చేలోపల చాలా భాగాన్ని కడిగివేస్తాయి.

ఇక చలికాలం. సంక్రాంతికి ముందురోజు తెల్లవారుజామున భోగిమంట వేసినప్పుడు పొగ ఏమౌతుందో జ్ఞాపకం తెచ్చుకోండి. కొంత ఎత్తుకు లేచి, అక్కడ ఏదో కప్పు తగిలినట్లు ఆగి, అడ్డంగా పరచుకొని, వీధి చివరిదాకా పాకుతుంది. ఆ కప్పు నిజంగానే ఉన్నది. చలికాలపు రాత్రి నేల చల్లబడి, దానినంటి ఉన్న గాలి కూడ చల్లబడి బరువెక్కుతుంది. దానిపైన వెచ్చని గాలి పొర నిలుస్తుంది. బరువైన గాలి పైకి లేవజాలదు. పొద్దెక్కి నేల కాగేదాకా ఆ మూత తొలగదు. కొండల మూకుడుకు ఈ గాలి మూత పడిందంటే రాత్రంతా లారీలు, ఓడలు, పొయ్యిలు, పొగగొట్టాలు వదిలినదంతా మనతోనే ఉంటుంది. గాలి మందంగా ఉండడంచేత రేవు గుట్టలనుండి ముతక దుమ్ము అంతగా రేగదు. అందుకే గుడ్డ తెల్లగా ఉంటుంది, గాలి మాత్రం చెడుతుంది. రెండున్నర మైక్రానుల రేణువుల కొలత మన ఊరిలో వానకాలంకంటె శీతకాలంలో రెట్టింపు దాటడం కొత్త కాదు. తెల్లవారుజామున రామకృష్ణా బీచినుండి చూస్తే యారాడ కొండ మసకగా, చిత్రకారుడు గీసినట్లు కనబడుతుంది. ఆ అందంలో మంచు ఎంతో, గంధకపు పొగనుండి పుట్టి సముద్రపు చెమ్మకు ఉబ్బిన రేణువులు ఎన్నో కంటితో చెప్పలేము.

ఇంతటితో కాలేదు. నవంబరు నుండి గాలి దిక్కు మారి ఉత్తర, ఈశాన్య దిశలనుండి వస్తుంది. పంజాబు, హర్యానా పొలాలలో తగలబెట్టిన వరిదుబ్బు పొగ, గంగామైదానపు పిడకల పొయ్యిల పొగ, బొగ్గు విద్యుత్కేంద్రాల పొగ ఒక్కటై వంగ తీరాన సముద్రంలోనికి దిగి, ఒడిశా మీదుగా మన వైపుకూ, బంగాళాఖాతం మీదికీ పరచుకొంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖవారు 1980ల నాటినుండి సూర్యకాంతిని పది తరంగదైర్ఘ్యాలలో కొలిచే పరికరంతో మన ఆకాశంలోని రేణువుల లెక్క కడుతూ వచ్చారు. ఉత్తరాదినుండి వచ్చే ఈ ప్రవాహాన్ని గుర్తించినవారిలో వారు కూడ ఉన్నారు.

ఈ పొగ చివరకు ఎక్కడికి పోతుంది? దీనికి మళ్ళీ ఒక దీవి సమాధానం చెబుతున్నది. ఈసారి మనకు బాగా దగ్గరి దీవి. విశాఖనుండి ఓడ ఎక్కితే 1,200 కిలోమీటర్ల దూరంలో పోర్టు బ్లెయిరు ఉన్నది. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాలనుండి వలసపోయిన మనవారు అక్కడ ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనంలో సుమారు నూటికి 13 మంది మాతృభాష తెలుగు. అక్కడ ఉక్కు కర్మాగారం లేదు, బొగ్గుగుట్టలు లేవు. చుట్టూ అడవి, ఆపైన సముద్రం. అయినా ఇస్రో శాస్త్రజ్ఞులు అక్కడి గాలిని వడగడితే మసి దొరికింది. నైరుతి ఋతుపవనం వీచే నెలలలో అది బాగా తక్కువ; గాలిలో ఉన్నది ప్రధానంగా సముద్రపు ఉప్పే. శీతకాలంలో, వసంతకాలంలో గాలి ఖండం వైపునుండి తిరగగానే మసి పెరుగుతుంది. గాలి నడిచిన దారిని వెనక్కు లెక్కగడితే అది కొంత భారతదేశానికి, కొంత బర్మా, థాయిలాండుల వైపుకు పోయి ఆగుతుంది. ఇంతకు ముందే, 1999లో, హిందూమహాసముద్రం మీద అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలసి చేసిన పరిశోధనలో మాల్దీవుల గాలిలోనూ ఇదే కనిపించింది. విశాఖలో మనం గంగామైదానాన్ని తిట్టుకొంటే అండమానులో మన బంధువులు మనను తిట్టుకోవచ్చునన్నమాట.

సముద్రతీరపు ఊరు కాబట్టి సముద్రపు గాలి అంతా కడిగివేస్తుందని ఒక నమ్మకం ఉన్నది. కొంత నిజమే. కాని ఆ గాలి చేసే మరొక పని చాలామందికి తెలియదు. పగటిపూట సముద్రంమీదినుండి వచ్చే చల్లని గాలి ఒరిపిడి లేకుండా పొరలు పొరలుగా వస్తుంది. తీరాన ఉన్న ఎత్తైన పొగగొట్టం వదిలిన పొగ ఆ పొరలో చెదరకుండా త్రాడులాగ లోపలికి సాగుతుంది. కొంత దూరం పోయాక, ఎండకు కాగిన నేలమీద సుడి తిరుగుతున్న గాలిలో చిక్కుకొని, ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అందుచేత పొగగొట్టం పక్కనున్నవారికంటె దూరాన ఉన్నవారికి ఎక్కువ పొగ తగిలే మధ్యాహ్నాలు ఉంటాయి. పొగగొట్టం ఎత్తు పెంచితే చాలుననుకోవడం తీరప్రాంతాలలో అన్నివేళలా సాగదు. పొగను గొట్టంలోనికి రాకముందే వడగట్టడం మేలు.

చెట్ల మాట కూడ చెప్పుకోవాలి. ముతక దుమ్మును ఆకులు పట్టుకొంటాయి, వాన కడుగుతుంది, మళ్ళీ పట్టుకొంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరిమీద తీరం దాటినప్పుడు కొండలమీద, వీధులలో చెట్లు కూలి, నిలిచినవి మోడులై, ఒక్క రోజులో ఆ జల్లెడ పోయింది. నాటిన మొక్కలు నీడ ఇచ్చేంతవారు కావడానికి పదేండ్లు పడుతుంది.

2009లో మన దేశం నిర్ణయించిన ప్రమాణం ప్రకారం రెండున్నర మైక్రానుల రేణువులు ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు మించరాదు. 10 మైక్రానులవి 60 మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దులు వరుసగా 5, 15 మాత్రమే. 2019లో కేంద్ర ప్రభుత్వం శుభ్రమైన గాలికోసం జాతీయ కార్యక్రమం ప్రకటించినప్పుడు ప్రమాణాలు మీరిన 102 నగరాల జాబితాలో విశాఖ కూడ చేరింది. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్ళు చల్లే బండ్లు ఆ తరువాత వచ్చాయి. మంచిదే. కాని ఆ కార్యక్రమంలో నగరాల ప్రగతిని ప్రధానంగా 10 మైక్రానుల కొలతతోనే లెక్క వేస్తూ వచ్చారు. అంటే ప్రభుత్వం కూడ చాలావరకు మన పెద్దావిడ గుడ్డనే నమ్ముకొన్నదని నాకు తోస్తుంది. రోడ్డు ఊడిస్తే ముతక దుమ్ము తగ్గుతుంది, ఆ అంకె తగ్గుతుంది. జనవరి తెల్లవారుజామున పిల్లవాని రొమ్ములోనికి పోయే రేణువు మాత్రం ఊడ్పు బండికి చిక్కదు. దానికి కొలిమిలోను, ఇంజనులోను, పొయ్యిలోను మార్పు రావాలి. ఎడారిని ఎవరూ ఆపలేరు. ఇవన్నీ మనుషులు వెలిగించినవే.

ఇంటిలో మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. వేసవిలో రేవు వైపు కిటికీలను గాలి బలంగా ఉన్న మధ్యాహ్నవేళ మూసి ఉంచండి. పొడిగుడ్డతో దులపక తడిగుడ్డతో తుడవండి. శీతకాలంలో ఈ క్రమం తిరగవేయాలి: కిటికీలు తెల్లవారుజామున మూసి, పొద్దెక్కి తొమ్మిదింటి తరువాత తెరవడం మంచిది. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పెద్దలు డిసెంబరు, జనవరి నెలలలో బీచి నడకను చీకటితో కాక ఎండ వచ్చాక పెట్టుకొంటే మేలు. భోగిమంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ సామాను వేసే అలవాటు మన వీధులలో ప్రబలింది. పిడకలు, ఎండుకట్టెలు చాలు. పెద్దావిడకు ఈ సంగతులన్నీ చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే భోగినాడు మనవలను పొద్దెక్కాకనే లేపుతాను" అన్నారు. ఎండెక్కాక భోగిమంట ఏమిటని మనవలు ఒప్పుకోలేదట. చివరకు టైర్లు వేయకూడదన్న షరతుమీద రాజీ కుదిరింది.